సగటు సవారీ

మా జిల్లాలో ప్రతి మనిషీ ఏడాదికి సగటున నూట ఎనభై కోడిగుడ్లు తింటాడని తేల్చింది మా ఆఫీసే. మా పై అధికారి చిదానందం గారు పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టుకోలేదు. అయినా లెక్క ప్రకారం ఆయన వాటా నూట ఎనభై ఆయన తింటున్నట్టే. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఆయనేం చిన్నబుచ్చుకోరు. "నా ఆచారం నాది, జిల్లా సగటు జిల్లాది. రెండోదే పెద్దది" అంటారు.

ఆఫీసు పేరు జిల్లా సగటుల కార్యాలయం. వాన, కొబ్బరికాయ, దోమ, పెళ్ళి, ఏది కనపడితే దాన్ని పోగేసి, కూడి, భాగించి పైకి పంపడం మా పని. పైవాళ్ళు దాన్నేం చేసుకుంటారో మాకు తెలీదు. బహుశా మిగతా జిల్లాలతో కలిపి మళ్ళీ భాగిస్తారు. నేను అందులో సీనియర్ సహాయకుణ్ణి. పేరు ఉమాపతి. ఆఫీసులో ఎన్ని భాగహారాలు చేసినా ఇంట్లో మాత్రం మా ఆవిడ చెప్పిందే లెక్క.

మా ఆవిడ హైమావతి గెడ్డంవారిలంక హైస్కూల్లో హిందీ టీచరు. మా ఊరినుంచి లంకకి పదిహేడు కిలోమీటర్లు, అంతా కాలవ గట్టు మీదే. ఆ దారిన బస్సు ఎప్పుడో మానేసింది. ఉన్నదల్లా సూరిబాబు షేర్ ఆటో. నలుగురు పట్టే ఆటోలో పదకొండు మంది ఎక్కుతారు. హైమ చోటు డ్రైవరు పక్కన, సీటు అంచు మీద. ఒక చెయ్యి పైన రాడ్డుకి, ఒక చెయ్యి పుస్తకాల సంచీకి. కిందటి శ్రావణంలో బురదకి ఆటో జారి, హైమ పరీక్ష పేపర్లతో సహా కాలవలో పడింది. కుడి మోచెయ్యి విరిగింది. ఆ కట్టుతోనే బడికెళ్ళి ఎడం చేత్తో బోర్డు మీద రాసింది. హిందీ అక్షరాలు అలా వంకరగానే ఉంటాయనుకుని ఆరో తరగతి మొత్తం అలాగే నేర్చుకుంది.

కట్టు విప్పిన రోజున తన నిర్ణయం చెప్పింది.

"ఇంకో వానాకాలం నేను ఆ ఆటో ఎక్కనండీ. జూన్‌లో బడి తెరిచేసరికి గుమ్మంలో కారైనా ఉండాలి, నేను ఉద్యోగమైనా మానెయ్యాలి."

హైమ ఊరికే అనే మనిషి కాదు. పదహారేళ్ళ ఉద్యోగం అది. లంకలో గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని పోయే ముసలమ్మలు కూడా ఆవిణ్ణి చూసి "నమస్తే జీ" అంటారు. ఆ బడి లేకపోతే హైమ ఇంట్లో కూచుని ఏమైపోతుందో తలుచుకుంటే నాకు దిగులేసేది.

దసరా సెలవుల్లో డ్రైవింగ్ స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకుంది. నాకు కారు తోలడం రాదు. స్కూటరు మీద వెళ్తున్నప్పుడు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే కూడా పడిపోతాను. ఫిబ్రవరిలో ఇద్దరం కలిసి షోరూంకి వెళ్ళాం. సేల్స్ మేనేజరు మస్తాన్ వలీ ఒక చిన్న తెల్ల కారు చూపించి, బైపాస్ మీద ఓ చుట్టు తిప్పుకొద్దాం రమ్మన్నాడు.

"బైపాస్ మీద ఏ బండైనా బాగానే పోతుందండీ" అంది హైమ. "నేను రోజూ పోయేది గట్టు మీద. పొద్దున్న నేను బయల్దేరే టైముకి, నా సంచీ వేసుకుని, లంక దాకా వెళ్ళి వస్తాను. అప్పుడు తెలుస్తుంది నాకు ఈ బండి పనికొస్తుందో లేదో."

"ఆయ్, దానికేవుందండీ. రేప్పొద్దున్నే మీ గుమ్మంలో పెట్టేత్తానండి" అన్నాడు మస్తాన్ వలీ.

ఇంత సులువైన పని మా ఆఫీసు గడప తొక్కకుండా ఉంటే ఎంత బావుండేది! కానీ కారు కోసం నేను ఆఫీసులో వాహన అడ్వాన్సుకి పెట్టుకున్నాను. సరిగ్గా ఆ వారమే రాజధాని నుంచి ఓ ఉత్తర్వు దిగింది. మా డైరెక్టరు గారు ఎక్కడో శిక్షణకి వెళ్తే, అక్కడెవరో "కారు కొనే ముందు చేసే టెస్ట్ డ్రైవ్ మన రోజువారీ డ్రైవింగులాగే ఉండాలి" అన్నారట. ఆ మాటకి ఆయన మురిసిపోయి, తిరిగొచ్చిన సాయంత్రమే ఉత్తర్వు రాయించారు. "వాహన అడ్వాన్సు కోరు ఉద్యోగి జరుపు ప్రయోగాత్మక సవారీ, సదరు కుటుంబము యొక్క దైనందిన సవారీని యథాతథముగా ప్రతిబింబించినట్లు జిల్లా అధికారి ధ్రువీకరించనిదే అడ్వాన్సు మంజూరు చేయరాదు" అని అందులో ఉంది.

చదివి నేను సంబరపడిపోయాను. హైమ అన్నమాటే ప్రభుత్వమూ అంటోంది. చిదానందం గారి గదిలోకి దాదాపు పరిగెత్తాను.

"సార్, రేపు మా ఆవిడ కారులో బడిదాకా వెళ్ళి వస్తుంది. రోజూ వెళ్ళే దారేనండి. తమరు సంతకం పెడితే చాలు."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "రేపు ఏ రోజు?"

"బుధవారం సార్."

"అంటే బుధవారాన్ని నువ్వు దైనందినం అంటున్నావు. తక్కిన ఆరు రోజులూ ఏం పాపం చేశాయి?"

"పోనీ గురువారం వెళ్ళమంటారా?"

"అప్పుడు బుధవారం అడుగుతుంది. ఉమాపతీ, ఒక రోజు వాన. ఒక రోజు ఎండ. ఒక రోజు గేదెలు అడ్డం, ఒక రోజు పెళ్ళి ఊరేగింపు అడ్డం. ఏ ఒక్క రోజును స్వీకరించినా అది మిగతా రోజుల పట్ల పక్షపాతం. ఉత్తర్వు 'యథాతథముగా' అని నొక్కి వక్కాణిస్తోంది. యథాతథమైన రోజు ఒక్కటే ఉంది. అది సగటు రోజు. అది క్యాలెండరులో దొరకదు. మనం తయారు చెయ్యాలి."

అంటున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. అలా వెలిగినప్పుడల్లా మా ఆఫీసులో ఎవరికో ఒకరికి మూడుతుంది. ఈసారి నాకు మూడిందని అర్థమైంది.

మర్నాటినుంచి ఇద్దరు గుమాస్తాలు అట్ట, కాగితం, పెన్సిలు పుచ్చుకుని సూరిబాబు ఆటో ఎక్కడం మొదలుపెట్టారు. దారిలో ఎన్ని గేదెలు ఎదురయ్యాయి, ఎన్నిసార్లు ఆగారు, రోడ్డు మీద ఎంత మేర ధాన్యం ఆరబోశారు, అన్నీ గీతలు గీసుకోవాలి. గీతలు గియ్యడానికి చేతులు ఆడాలి గనక ఇద్దరికీ వెనక సీట్లో వెడల్పైన చోటు కావాలన్నారు. దాంతో వెనక కూర్చునే ఓ కూరలమ్మే ఆవిడ ముందుకొచ్చింది. హైమకి అంతకుముందున్న సీటు అంచులో సగమే మిగిలింది.

"మీ ఆఫీసోళ్ళు నా ప్రయాణం చూడ్డానికొచ్చి నన్ను బయటికి తోస్తున్నారండీ" అంది సాయంత్రం మోచెయ్యి రుద్దుకుంటూ.

నేను ఆ మాటే చిదానందం గారికి విన్నవించుకున్నాను. "పరిశీలన వల్ల పరిశీలింపబడు వస్తువు కొంత చలించుట సహజం" అన్నారు ఆయన.

వేసవి సెలవులకి బడి మూసేశారు. గుమాస్తాలు మాత్రం ఆటో మానలేదు. మానమని ఎవరూ చెప్పలేదు మరి. హైమ రాని రోజుల్లో "ప్రయాణికురాలు: శూన్యం" అని రాసుకుని, లంకలో ముంజికాయలు తిని తిరిగొచ్చేవారు.

ఇది చాలదన్నట్టు, కారు వచ్చాక అందులో హైమతోపాటు ఎవరెవరు ఎక్కుతారో తేల్చడానికి మా వీధంతా ఓ సర్వే జరిపించారు. వీధివాళ్ళకి సర్వే సంగతి అక్కర్లేదు, కారు వస్తోందన్న ముక్క చాలు. ఎదురింటావిడ ప్రతి శుక్రవారం గుడికి చెప్పుకుంది. మూలింటాయన తన బావమరిది రైలు దిగే తేదీలు రాయించాడు. లేని కారుకి రెండు కాన్పులు, ఓ నిశ్చితార్థం కూడా ఖాయమయ్యాయి. వాటన్నిటినీ కూడి భాగిస్తే, హైమ కాక కారులో సగటున రెండు పాయింట్ ఆరు మంది ఉంటారని వచ్చింది.

జూన్ మొదటివారంలో సగటు రోజు తయారైంది. చిదానందం గారు దాన్ని సిబ్బంది అందరి ముందూ చదివి వినిపించారు. సంవత్సరంలో మూడో వంతు రోజులు వాన గనక సగటు రోజున మూడో వంతు వాన. గేదెలు మూడున్నర. ఆరబోసిన ధాన్యం రెండు బస్తాల మేర. పంతొమ్మిది రోజులకోసారి పెళ్ళి ఊరేగింపు ఎదురవుతుంది గనక సగటు రోజున ఊరేగింపులో పంతొమ్మిదో వంతు. పైగా ఇవన్నీ గట్టు పొడుగునా ఏరుకుంటూ పోవడం కుదరదు గనక ఆఫీసు ముందున్న రోడ్డు మీదే అమర్చాలి. సవారీ అక్కణ్ణించే.

"సార్, మూడో వంతు వాన అంటే చినుకులా?" అని అడిగాను.

"చినుకులు వేరే పద్దు. మూడో వంతు వాన అంటే వాహనంలో మూడో వంతు భాగం మీద పూర్తి వాన."

"పాయింట్ ఆరు మనిషిని ఎక్కణ్ణించి తెద్దాం సార్?"

దానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మా ఎకౌంటెంటు భీమశంకరం కీళ్ళ నొప్పులతో సగం జీతం సెలవులో ఉన్నాడు. రికార్డు ప్రకారం సగం ఉద్యోగి. కొరత పడ్డ పాయింట్ ఒకటి అతని పొట్ట చూసి కలిపారు. మిగతా ఇద్దరు నిండు మనుషులు చిదానందం గారూ, నేనూ. కారు తోలేది హైమే అని ఆయన ఒప్పుకున్నందుకు నాకు కాస్త ధైర్యమొచ్చింది. సంతకమైతే పడుతుందిలే అనుకున్నాను.

ఆ శనివారం పొద్దున్న ఆఫీసు ముందు రోడ్డు చూసినవాళ్ళు తీర్థమనుకుని పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. మధ్యలో తెల్ల కారు. దాని ముందు నల్లగా మూడు గేదెలు. నాలుగో గేదెని సందు మలుపులో గోడ చాటున కట్టేశారు, ముందు సగం మాత్రం ఇవతలికి కనపడేలా. దూడని తెస్తే సరిపోతుందని నేను అన్నాను గానీ, దూడ తనంతట తాను ఒక పూర్తి జంతువని చిదానందం గారు ఒప్పుకోలేదు. ధాన్యం రెండు బస్తాలూ తారు మీద ఆరబోశారు. ఊళ్ళో కోళ్ళకి ఆ కబురు ఎవరు చెప్పారో, అన్నీ వచ్చేశాయి.

బ్యాండుమేళంలో పంతొమ్మిది మంది ఉంటారు. అందులో ఒక్కణ్ణి పంపమంటే, మేస్త్రీ ఆ రోజు ఖాళీగా ఉన్న పెద్ద డ్రమ్ము మనిషిని పంపాడు. అతను ఎప్పుడూ ఒంటరిగా వాయించి ఎరగడు. మిగతా పద్దెనిమిది మందీ ఉన్నట్టే మనసులో పాట అనుకుంటూ, తన వంతు వచ్చినప్పుడు మాత్రం ఢామ్మని ఒక దెబ్బ వేసి మళ్ళీ ఊరుకునేవాడు. ఆ దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలీక అందరం బిక్కుబిక్కుమంటూ ఉన్నాం.

హైమ గంధం రంగు చీర కట్టుకుని, పుస్తకాల సంచీతో వచ్చింది. ఆ ఏర్పాట్లన్నీ ఓసారి కలియజూసి, నా వంక తిరిగింది. నేను గేదెల వంక చూశాను.

మేం నలుగురం ఎక్కాక మస్తాన్ వలీ కూడా తలుపు తియ్యబోయాడు. చిదానందం గారు అద్దం దింపి వారించారు. "ఆసనములు రెండు పాయింట్ ఆరూ భర్తీ అయినవి. తాము అధిరోహించినచో సగటు చెడిపోతుంది."

"అదేటండీ! నా బండేనండి ఇది!" అన్నాడు మస్తాన్ వలీ. అయినా కింద నిలబడిపోయాడు పాపం. భీమశంకరం మాత్రం పాయింట్ నాలుగు బయట ఉండాలని ఒక కాలు తలుపులోంచి చాపుకుని కూర్చున్నాడు. మునిసిపాలిటీ ట్యాంకరు మనిషి గొట్టం విప్పి, కారు వెనక మూడో వంతు మీద వాన మొదలుపెట్టాడు. ఆ కాలు సరిగ్గా ఆ వానలో ఉంది.

హైమ తాళం తిప్పింది. ఇంజను సన్నగా పలికింది.

"ఒక్క నిమిషం అమ్మా" అన్నారు ముందు సీట్లోంచి చిదానందం గారు. "ఎటు పోతున్నాం?"

"బడికండీ. లంక వైపు."

"అది పోవడం. రావడం?"

"పోయాక వస్తానండీ."

"అలా వరసగా చేస్తే అవి రెండు సవారీలు. మనం జరపవలసిన సగటు సవారీ ఒక్కటే." ఆయన జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "ఉదయం తూర్పుకి పదిహేడు కిలోమీటర్లు. సాయంత్రం పడమరకి పదిహేడు. తూర్పును కూడిక అనుకుంటే, పడమర తీసివేత."

పెన్సిలు ఆగింది. కాగితం మీద ఆయన ఒక సున్న చుట్టారు. ఢామ్మని డ్రమ్ము మోగింది.

"ఉమాపతీ, నువ్వు సరిచూడు" అని కాగితం వెనక్కి ఇచ్చారు. సరిచూశాను. తప్పు లేదు. మా ఆఫీసుతో వచ్చిన చిక్కే అది, లెక్కలో ఎప్పుడూ తప్పుండదు.

"వాహనం కదలరాదు" అని ఆయన ప్రకటించారు. "అయితే కాలం దూరంలాగ కొట్టుకుపోదు. పోవడానికి ముప్పావు గంట, రావడానికి ముప్పావు గంట. సగటు ముప్పావు గంట. అంతసేపూ ఇంజను నడవాలి, వాహనం నిలిచి ఉండాలి."

అలాగే కూర్చున్నాం. ఎదురుగా గేదెలు నెమరేస్తున్నాయి. కోళ్ళు ధాన్యం సంగతి చూసుకుంటున్నాయి. వెనక అద్దం మీద ధారగా వాన, ముందు అద్దంలోంచి మండిపోతున్న ఎండ. గోడ చాటున్న గేదెకి విసుగొచ్చి ఓ అడుగు ముందుకేస్తే, అటెండరు దాన్ని మళ్ళీ సగానికి నెట్టాడు. భీమశంకరం కాలు నానిపోయి తెల్లబడింది. హైమ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా రోడ్డు చివరికి చూస్తూ కూర్చుంది.

గడువు తీరగానే చిదానందం గారు గడియారం చూసి చప్పట్లు కొట్టారు. "భేషైన వాహనం! కుదుపన్నది లేదు. బ్రేకు వెయ్యవలసిన అవసరమే కలగలేదు. సవారీ దైనందినమును యథాతథముగా ప్రతిబింబించినది."

"అయితే అడ్వాన్సు సార్?" అన్నాను.

"అడ్వాన్సు ఎలా కుదురుతుంది?" ఆయన జాలిగా నా వైపు తిరిగారు. "ప్రయోగం ఏం రుజువు చేసింది? నీ శ్రీమతి సగటున ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఎక్కడికీ వెళ్ళని మనిషికి వాహనం దేనికి? తిరస్కరించక తప్పదు. బాధపడకు, ఉమాపతీ. ఇంత శుద్ధమైన సున్న మన జిల్లాకి ఎన్నడూ రాలేదు. రాష్ట్రంలో మనదే మొదటిది."

కళ్ళ ముందు హైమ ఖాళీ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు కనిపించింది.

"ఎల్లుండి కాక పై సోమవారం బడి తెరుస్తారండీ" అంది హైమ నెమ్మదిగా.

"సగటున బడి ఎప్పుడూ సగం తెరిచే ఉంటుందమ్మా" అన్నారు చిదానందం గారు ఓదార్పుగా.

హైమ ఒకసారి మోచెయ్యి తడుముకుంది. పైన అద్దం సరిచేసుకుంది. హ్యాండ్ బ్రేకు దించింది.

"బెల్టు పెట్టుకోండి" అంది. "భీమశంకరం గారూ, ఆ కాలు లోపల పెట్టుకోండి."

కారు కదిలింది. ధాన్యం గింజ నలక్కుండా పక్కనుంచి తప్పించి, గేదెల మధ్యనుంచి ఒయ్యారంగా దూరి, డ్రమ్ము మనిషిని హారనుతో పక్కకి జరిపి, రోడ్డెక్కింది. "మేడంగారండీ! నా బండండీ!" అని మస్తాన్ వలీ కేక వినిపించింది. వెనక్కి చూస్తే స్కూటరు స్టార్టు చేస్తున్నాడు. ట్యాంకరు మనిషి ఖాళీ రోడ్డు మీదే కాసేపు వాన కురిపించాడు.

"అమ్మా, ఆపు! సవారీ ముగిసింది!" అని చిదానందం గారు అరుస్తూనే ఉన్నారు. గట్టు ఎక్కగానే మొదటి గోతిలో ఆయన నెత్తి టాపుకి తగిలింది. "ఇది ఒక్క రోజు! ఒక్క రోజు నమూనా కాదు! దీన్ని నేను గుర్తించను!"

"గుర్తించకండి" అంది హైమ. "సెకండ్ గేరులో గట్టు ఎక్కుతుందా లేదా అని చూస్తున్నాను. ఎక్కింది."

ఎంత బాగా తోలిందని! ఎదురుగా ఇసుక లారీ వస్తే గడ్డి దాకా దిగి మళ్ళీ రోడ్డెక్కింది. తూము దగ్గర మలుపులో బాగా నెమ్మదించి, "ఇక్కడేనండీ నేను పడింది" అని చూపించింది. అంతకుముందు ఆ చోటు నేను చూడలేదు. అంత నిటారుగా ఉంటుందనుకోలేదు. పదహారేళ్ళుగా మా ఆవిడ ఈ అంచు మీద రాడ్డు పట్టుకుని పోతోంటే, నేను ఆఫీసులో కూచుని జిల్లా మొత్తానికి దోమల సగటు తీస్తున్నానని నామీద నాకే ఒళ్ళు మండింది.

బడి గేటు ముందు కారు ఆపింది. అటువైపు వంగి చిదానందం గారి తలుపు తెరిచింది.

"దిగండి."

"ఇక్కడ నాకేం పనమ్మా?"

"తూర్పుకి పదిహేడు కిలోమీటర్లు వచ్చారు. తిరిగి వెళ్ళడం గురించి మీరేం కంగారు పడకండి. సగటున మీరు ఆఫీసు ముందే ఉన్నారు."

లెక్క ఆయనదే. తప్పు పట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. దిగారు. భీమశంకరం కూడా ఎందుకైనా మంచిదని దిగాడు. హైమ అద్దంలోంచి నన్ను చూసింది. ఆ క్షణంలో నాకు రావలసిన ప్రమోషను గుర్తొచ్చింది. నేనూ దిగిపోయాను. రొప్పుతూ వచ్చిన మస్తాన్ వలీని "పదండి, మీ బండి మీకు జాగ్రత్తగా అప్పజెప్తాను" అని స్కూటరు మీద వెనకాలే రమ్మని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

గట్టు మీద ముగ్గురం మిగిలాం. మబ్బు కమ్ముతోంది. చాలాసేపటికి సూరిబాబు ఆటో వచ్చింది, కిక్కిరిసి. వెనక సీట్లో కాళ్ళు బారజాపుకుని మా ఇద్దరు గుమాస్తాలు, ఒళ్ళో అట్టలు.

"లేవండయ్యా, నేను కూర్చోవాలి" అన్నారు చిదానందం గారు.

వాళ్ళు లేచి నిలబడబోయి ఆగారు. "మధ్యలో దిగితే పరిశీలన చెడుతుంది సార్. ఎట్టి పరిస్థితిలోనూ దిగరాదని తమరి ఉత్తర్వే" అన్నాడొకడు వినయంగా.

తన ఉత్తర్వుని తానే ఎలా కాదంటారు? నేనూ భీమశంకరం ఎలాగో వెనక వేలాడాం. చిదానందం గారికి చోటెక్కడా కనపడలేదు.

"ఇలాగొచ్చేయండి సారూ" అని సూరిబాబు పక్కకి ఒదిగి సీటు అంచు తట్టాడు. "ఇది మా హిందీ మేడంగారి సీటండి. సెలవులు కదండీ, కాళీగానే ఉంటంది. ఆ రాడ్డు గట్టిగా అట్టుకోండి."

కాసేపటికి వాన దిగింది. మూడో వంతు కాదు, మొత్తం. తూము మలుపులో ఆటో ఒక పక్కకి ఒరిగింది. చిదానందం గారు పడలేదు గానీ, ఒక కాలు బయటికి జారి, చెప్పు కాలవలో పడి కొట్టుకుపోయింది. ఆయన రెండు చేతులతో రాడ్డు వాటేసుకున్నారు. కింద సుడులు తిరుగుతున్న నీళ్ళకేసి చూశారు.

"మేడం ఇక్కడేనా కూర్చునేది?" అన్నారు.

"ఆయ్. ఇక్కడేనండి."

"వానల్లో కూడానా?"

"వానైనా ఎండైనా రోజూనండి."

"రోజూ" అన్నారు చిదానందం గారు. ఆ మాట ఆయన నోట అన్నేళ్ళుగా విన్నాను గానీ, అలా భయంగా అనడం అదే మొదలు.

మర్నాడు ఆదివారమైనా ఆఫీసు తెరిపించి ఫైలు మీద సంతకం పెట్టారు. కింద ఇలా రాశారు: "సదరు మార్గమున రాకను దిగువ సంతకము చేసిన అధికారి స్వయముగా అనుభవించినందున, పోకను రాకతో కొట్టివేయుట మనుష్యమాత్రునికి సాధ్యము కాదని తేలినది. మంజూరు." నడుం పట్టుకుని, కొత్త చెప్పులు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయారు.

బడి తెరిచిన రోజుకి తెల్ల కారు మా గుమ్మంలో ఉంది. ఆ మొదటి రోజు నేనూ వస్తానన్నాను. హైమ సరేనంది గానీ, నేను ముందు తలుపు తియ్యబోతే అడ్డుకుంది.

"వెనక కూర్చోండి. ముందు సీటు నా పుస్తకాల సంచీది. అది మధ్యలో దిగిపోదు."

బుద్ధిగా వెనక కూర్చున్నాను. తూము మలుపు దాటాక సూరిబాబు ఆటో ముందు పోతూ కనిపించింది. హైమ హారను కొట్టి, నవ్వుతూ దాన్ని దాటింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! వెనక్కి తిరిగి చూశాను. మా గుమాస్తాలిద్దరూ అందులోనే ఉన్నారు. మానమని ఇప్పటికీ వాళ్ళకెవరూ చెప్పలేదు. ఒకడు మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యెత్తి దండం పెట్టాడు. ఆ తరవాత ఒద్దికగా అట్ట మీదికి వంగి, కార్లకి గడి లేదు గనక గేదెలకి కేటాయించిన గడిలో ఇంకో గీత గీశాడు.